కెజ్జీకి దక్కిన ఇత్తడి పళ్ళేలు

మా అక్క కూతురు కెజయాను మేమంతా కెజ్జీ అంటాం. తొమ్మిదో ఏటి నుంచీ మా చర్చిలో డ్రమ్ములు వాయించేది. మొదట్లో కాళ్ళు కిందికి అందక స్టూలు అంచున కూర్చునేది. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి పాట ఎత్తుకోవడానికి పాడేవాళ్ళంతా దాని మొహం చూసేవాళ్ళు, పాస్టరుగారి మొహం కాదు. కాగితం మీద రాసిన సంగీతం చదవడం దానికి రాదు. చెవిన పడ్డదల్లా చేతుల్లోకి దిగిపోయేది, అంతే.

అలాంటి పిల్లకు సైలస్ హిల్ కాలేజీలో సీటు వచ్చిందనగానే ఏం చదవబోతోందో ఎవరూ అడగలేదు. అలబామాలో మా వైపు ఆ కాలేజీ అంటే ముందు బ్యాండు, తర్వాత ఫుట్‌బాల్, ఆ తర్వాత ఎప్పుడైనా గుర్తొస్తే చదువు. ఆట విరామంలో బ్యాండు మైదానంలోకి దిగిందంటే ఉడికిన వేరుశనగకాయలు అమ్మేవాడు కూడా బేరం ఆపేసి నిలబడతాడు. ఆ బ్యాండుకు గుండెకాయ డ్రమ్ముల వరస. అందులోనూ కళ్ళన్నీ స్నేర్ డ్రమ్ముల మీదే ఉంటాయి. నడుముకు ఎదురుగా తగిలించుకుని, రెండు పుల్లలతో రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు వాయిస్తారు. ఎనిమిది మందికే చోటు.

ఆ ఎనిమిదింటిలో ఒకటి మా కెజ్జీదేనని ఊరంతా చాటింది నేనే. నేను స్కూలు బస్సు నడుపుతాను. నా పేరు వెర్డెల్, నా నోరు సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. బస్సుల డిపోలో చెప్పాను. జడలు వేయించుకునే చోట చెప్పాను. పళ్ళ డాక్టరు నోట్లో దూది కుక్కినా ఆగలేదు. చివరికి ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "మన పిల్ల ముందు వరసలో వాయించబోతోంది, దేవుడికి స్తోత్రం" అని, దేవుడు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళలా సాక్ష్యం కూడా చెప్పేశాను. అప్పటికి అది ఎంపికకు పేరైనా ఇవ్వలేదు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కెజ్జీ డ్రమ్ముల వెనక తల వంచుకుని పుల్లలు సర్దుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

ఆగస్టులో, తరగతులు మొదలుకాకముందే, బ్యాండువాళ్ళకు రెండు వారాల శిక్షణ పెడతారు. కొత్తవాళ్ళను ఎంచుకునేది కూడా అప్పుడే. రెండో వారం గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"పిన్నీ, నువ్వొకసారి రాగలవా?"

"ఏమైందే? ఎండకి కళ్ళు తిరిగి పడిపోయావా?"

"పడిపోలేదు. పడిపోయినా పరువుగా ఉండేది."

నలభై మైళ్ళు ఎలా వెళ్ళానో నాకే తెలియదు. కాలేజీ బ్యాండు భవనం మెట్ల మీద కూర్చుని ఉంది. శిక్షణలో వేసుకునే బంగారు రంగు చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. రెండు పుల్లలూ ఒళ్ళో పెట్టుకుంది.

"చోటు రాలేదా?" అన్నాను పక్కన కూర్చుంటూ.

"వచ్చింది."

"మరి ఆ మొహమేంటే?"

"స్నేర్‌లో కాదు పిన్నీ. సింబల్స్‌లో."

సింబల్స్ అంటే రెండు చేతులా రెండు ఇత్తడి పళ్ళేలు పట్టుకుని ధనామని కొట్టేవి. నేను నవ్వకూడదనే అనుకున్నాను. కానీ నవ్వొచ్చేసింది. అది నన్ను చూసిన చూపుకు నవ్వు గొంతులోనే ఎండిపోయింది.

దారిలో విషయమంతా చెప్పింది. ఇరవై ముగ్గురు వచ్చారట స్నేర్ కోసం. మొదటి రోజు కుర్చీల్లో కూర్చోబెట్టి వాయించమన్నారట. అందరిలోకీ ఇది రెండోది. పై ఏడాదుల పిల్లలు కూడా వచ్చి దాని చేతుల్ని వీడియో తీసుకున్నారు. రెండో రోజు డ్రమ్ము భుజాలకు తగిలించి నడుస్తూ వాయించమన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. తొమ్మిదేళ్ళుగా కూర్చుని వాయించిన పిల్ల. చేతులు సరిగ్గా పడితే కాళ్ళు ఆగిపోతాయి. కాళ్ళు కదిలితే చేతులు దారి తప్పుతాయి. మంచి దరువు వచ్చినప్పుడల్లా తెలియకుండానే ఆగిపోయి కళ్ళు మూసుకునేది. వెనకున్న కుర్రాడు వచ్చి గుద్దుకునేవాడు.

"ఎన్నిసార్లు గుద్దుకున్నాడు?"

"మూడుసార్లు. నాలుగోసారి ముందే 'సారీ' చెప్పి గుద్దుకున్నాడు."

డ్రమ్ములు నేర్పే టాలివర్ సార్ చివర్లో దాన్ని పక్కకు పిలిచాడట. "అమ్మాయీ, నీ చేతులు స్వర్గంలో పుట్టాయి. కాళ్ళు మాత్రం నిన్న సాయంత్రం పుట్టినట్టున్నాయి. నిన్ను వదులుకోవడం నాకిష్టం లేదు. సింబల్స్‌లో ఒక చోటుంది. ఆలోచించుకో. శనివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి సింబల్స్ తీసుకుంటావో, చొక్కా తిరిగిస్తావో నీ ఇష్టం" అన్నాడట.

"అదేదో పెద్ద మర్యాద చేసినట్టు చెప్పాడు పిన్నీ. ఆయనది తప్పు కూడా కాదు. అదే నా బాధ. ఎవరినైనా తిట్టుకుందామంటే ఎవరూ దొరకట్లేదు."

ఆ సాయంత్రం భోజనానికి మా నాన్న ఆంబ్రోజ్ ఇంట్లో కలిశాం. నాన్న రైల్వేలో నలభై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆయనకు డెబ్బై ఆరు. మనిషిని ఏడిపించకుండా ఉప్పు కూడా అందించడు. వేయించిన చేపలు, మొక్కజొన్న రొట్టె, ఆకుకూర బల్ల మీద పెట్టి కూర్చున్నామో లేదో, కబురు తెలిసిపోయింది. మా అక్కే చెప్పింది. అది ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది, ఏదీ దాచదు.

"సింబల్సా? అయితే మంచిదేగా!" అన్నాడు నాన్న. "ఎన్నేళ్ళు నేర్చుకోవాలమ్మా అది?"

"తాతా, వద్దు."

"కాదమ్మా, తెలీక అడుగుతున్నా. రెండు చేతులు కావాలా, ఒకటి సరిపోతుందా?"

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి రెండు చేతులా రెండు గిన్నె మూతలున్నాయి. వాటిని ధన్ ధన్‌మని కొడుతూ, మోకాళ్ళు పైకెత్తుతూ బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. నాన్న నడక చూసి మా అక్కకు పొలమారింది. నేను బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను. రెండో చుట్టులో ఉండగా కెజ్జీ లేచి వెళ్ళిపోయింది. దాని ముందు పీచ్ పళ్ళు పెట్టి చేసిన తీపి రొట్టె అలాగే ఉంది. ఆ పిల్ల తీపి వదిలేసి లేచిందంటే అది చిన్న విషయం కాదు.

నాన్న మూతలు కిందికి దించాడు. "నేనేమన్నానే ఇప్పుడు?"

"ఏమనలేదు నాన్నా. వాయించావు, అంతే" అంది అక్క.

కాసేపటికి అక్క వరండాలోకి వెళ్ళి దాని పక్కన కూర్చుంది. కిటికీ దగ్గర నేను చేస్తున్న పని పళ్ళేలు తుడవడం అని చెప్పుకోవచ్చు.

"ఏడాది ఆగు కెజ్జీ. ఈ ఏడు చదువుకో. సంగీతం చదవడం నేర్చుకో, నడుస్తూ వాయించడం నేర్చుకో. వచ్చే ఏడు స్నేర్ కోసం మళ్ళీ వెళ్ళు. ఎవరు కాదంటారు?"

"అదే అనుకుంటున్నా."

"మరింకేం?"

"చర్చిలో అడిగితే ఏం చెప్పాలమ్మా? ముందు వరసలో వాయిస్తానని అందరికీ తెలుసు. రాలేదని చెప్పాలా, వచ్చింది కానీ పళ్ళేలు కొడుతున్నానని చెప్పాలా? రెండిట్లో ఏది తక్కువ సిగ్గు?"

ఆ మాట విన్నాక, నా చేతిలోని పళ్ళెం అప్పటికే ఆరిపోయినా ఇంకా తుడుస్తూనే ఉన్నాను.

మర్నాడు శుక్రవారం. చర్చిలో పాటల సాధన ఉంటుంది. కెజ్జీ పొద్దున్నుంచీ ఒకటే మాట: "నేను లేకపోతే అక్కడ జరగదు. ఆటలన్నీ శనివారాలే. వేరే ఊళ్ళకు వెళ్తే ఆదివారానికి తిరిగి రాలేం. చర్చికి నేను కావాలి." మానేయడానికి గౌరవమైన కారణం దొరికిందని దాని మొహం కాస్త తేటపడింది కూడా. నేను వెంట వెళ్ళాను.

లోపలికి అడుగు పెట్టేసరికి డ్రమ్ముల ముందు మా చర్చి పెద్దల్లో ఒకరైన డీకన్ పర్విస్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన కుర్రతనంలో ఏవో క్లబ్బుల్లో వాయించారని అంటారు. అది ఎప్పటి మాటో ఆయనకే సరిగా గుర్తులేదు. కెజ్జీ శిక్షణలో ఉన్న రెండు వారాలూ వాయించడానికి తానే ముందుకు వచ్చారట. కొత్త బూట్లు కొన్నారు. పలచని అడుగున్న బూట్లయితే కాలితో తొక్కే మీట బాగా తెలుస్తుందట. ఆయన వాయిస్తుంటే పాటంతా గంజిలో నడిచినట్టు సాగుతోంది. పాడేవాళ్ళు ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి తీసుకుని, ఇల్లు గుర్తు చేసుకుని, మళ్ళీ పాటలోకి వస్తున్నారు.

పాటలు నడిపించే సిస్టర్ ఓపల్ కెజ్జీని చూడగానే చేతులు చాచింది. చెవిలో చెప్పినట్టు చెప్పింది కానీ ఆవిడ గొంతు గుసగుసకు పనికిరాదు. "వచ్చావా తల్లీ! నువ్వు ఆ బ్యాండు మానేస్తున్నావంటే నేనొక కేకు చేసి తెస్తాను!"

"మానేస్తున్నానని ఎవరన్నారు సిస్టర్?"

"ఎవరూ అనలేదు. ఆశపడుతున్నా."

కెజ్జీ డ్రమ్ముల దగ్గరికి వెళ్ళింది. "డీకన్ గారూ, కాసేపు నేను వాయించనా?"

"తప్పకుండా అమ్మా. ఈ పాట అయ్యాక."

పాట అయ్యింది. "ఇప్పుడా?"

"ఇంకో రెండు అవనీ. దీంట్లో నాకొక మలుపు కుదిరింది, విందువు గాని."

మలుపు వచ్చింది. సిస్టర్ ఓపల్ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకుంది. డీకన్ గారు మాత్రం పుల్ల పైకి తిప్పి పట్టుకుని కెజ్జీ వైపు చూశారు. ఆ పెద్దాయన మొహం అంత వెలగడం, ఆయన భార్య పోయాక నేను చూడలేదు. కెజ్జీ కూడా చూసింది. చప్పట్లు కొట్టింది. మనస్ఫూర్తిగానే కొట్టింది. తర్వాత వచ్చి నా పక్కన కూలబడింది.

"నేను లేకపోయినా జరిగిపోతోంది పిన్నీ."

"జరగడమంటావా దాన్ని? పాకుతోంది."

"ఏదో ఒకటి. ఆయన దగ్గర పుల్లలు లాక్కోలేను."

అలా దాని గౌరవమైన కారణం ఆ కొత్త బూట్ల కింద పడి పోయింది. వెళ్ళేటప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ఆపి అడిగారు, ముందు వరసేగా అని. "ఇంకా ఖాయం కాలేదండీ" అంది. ఆ అబద్ధం దానికి ఎంత బరువైందో దాని భుజాలు చూస్తేనే తెలిసింది.

శనివారం పొద్దున చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, కాగితం సంచిలో పెట్టుకుని కారెక్కింది. తిరిగిచ్చేయడానికే నిర్ణయించుకుంది. ఏడాది ఆగుతుందట. తెల్లటి మంచి జాకెట్టు వేసుకుంది, చెవులకు ముత్యాలు పెట్టుకుంది. ఎవరైనా చూస్తే బ్యాండు పిల్లలా కాక ఉద్యోగానికి వచ్చిన దానిలా కనిపించాలని కాబోలు. పదిహేను మైళ్ళు ఇద్దరం మాట్లాడుకోలేదు. నాకు మాట్లాడకపోవడం అలవాటు లేని పని.

"కెజ్జీ, ఒకటి చెప్తా విను. ఊళ్ళో ఆ డప్పు కొట్టింది నేను. నువ్వు కాదు."

"తెలుసు."

"తెలిస్తే ఎందుకు తిట్టలేదే?"

"నువ్వు అంత సంతోషంగా చెప్తుంటే ఎలా తిడతాను? నాకూ బాగుండేది విన్నప్పుడు."

"నీ గురించి చెప్తే నా గొప్పలా ఉండేది. నాకు పాట రాదు, ఆట రాదు. మలుపులో బస్సు తిప్పడం తప్ప ఏమీ రాదు. అందుకని నీ గొప్ప తెచ్చుకుని పంచిపెట్టాను. నువ్వు మానేసినా చేరినా నా మొహం చూసి చెయ్యొద్దు. సరేనా?"

అది కిటికీలోంచి చూస్తూ, "బస్సు మలుపు కూడా నువ్వు గొప్పగా ఏం తిప్పవు. పోయిన ఏడు పోస్టు డబ్బా పడగొట్టావు" అంది. రెండు రోజుల తర్వాత మొదటిసారి దాని గొంతులో కొంటెతనం వినిపించింది.

ఎనిమిదిన్నరకే చేరుకున్నాం. టాలివర్ సార్ ఇంకా రాలేదు. బ్యాండు భవనం పక్కన కార్లు ఆపే చోట సింబల్స్ వాళ్ళు నలుగురు సాధన చేస్తున్నారు. వాళ్ళ నాయకురాలు జొహారి అనే పిల్ల. ఆఖరి సంవత్సరం చదువుతోంది. భారీ మనిషి, చిన్న గొంతు. కెజ్జీ చేతిలో సంచి చూడగానే విషయం అర్థమైపోయింది.

"తిరిగివ్వడానికొచ్చావా?"

"అవునక్కా. చదువు ఎక్కువుంది."

"ఆహా. నువ్వేనా చేతులు స్వర్గంలో పుట్టిన పిల్లవి? సార్ రెండు రోజులుగా మా బుర్ర తిన్నాడు." నేల మీదున్న జత ఒకటి తీసి చాచింది. "సార్ వచ్చేదాకా ఊరికే నిలబడటం ఎందుకు? ఒకసారి కొట్టి చూడు."

కెజ్జీ నవ్వింది. ఆ నవ్వులో కాస్త జాలి కూడా ఉంది. సంచి నా చేతికిచ్చి, పట్టీల్లో చేతులు దూర్చి, రెండు పళ్ళేలూ ఎత్తి ఎదురెదురుగా గట్టిగా కొట్టింది.

పుస్.

తడి బట్ట బండ మీద పడితే వచ్చే చప్పుడు. వెనకున్న ముగ్గురూ ఆకాశం వైపు చూశారు. కెజ్జీ మళ్ళీ కొట్టింది. ఈసారి ఇంకా గట్టిగా. పుస్. పళ్ళేలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లాగి విడదీసింది.

"ఇవి చెడిపోయాయా?"

జొహారి వాటిని తీసుకుని, విదిలించినట్టు ఒక్కటి తగిలించింది. ఆ మోతకు పక్కన కార్ల మీది పిట్టలు లేచిపోయాయి. "లేదు. బాగానే ఉన్నాయి" అని తిరిగి ఇచ్చేసింది. "సూటిగా కొడితే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. అంచు ముందు తగలాలి, కాస్త ఏటవాలుగా. గిన్నె మూతలనుకున్నావేమో."

నేను దగ్గాను. మా ఇంట్లో సంగతి ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? ఎవరైనా అదే అంటారేమో.

కెజ్జీకి పట్టుదల వచ్చింది. దాన్ని పెంచినవాళ్ళం కాబట్టి నాకు తెలుసు, అది పుట్టిన ఐదు నెలలకే ఆ పట్టుదలతో మా అక్క జుట్టు పట్టుకుంది. పది కొట్టింది. పదిహేను కొట్టింది. ఒకటి సగం మోగింది, మిగతావన్నీ పుస్. ముత్యాలు తీసి నా చేతిలో పెట్టింది. చెమటకు తెల్ల జాకెట్టు తడిసిపోయింది.

"అక్కా, స్నేర్‌లో నేను ఇంతకంటే వంద రెట్లు కష్టమైనవి వాయిస్తాను తెలుసా?"

"తెలుసు. స్నేర్ వాళ్ళు చాలా గొప్పోళ్ళు. నిమిషానికి వెయ్యి దెబ్బలు కొడతారు. అందులో ఒకటి తప్పు పడితే కన్న తల్లికి కూడా తెలీదు. మనం ఒక్కటి తప్పు కొట్టామంటే పక్క కౌంటీలో తెలుస్తుంది." జొహారి తన జత ఎత్తుకుంది. "నిలబడి కొట్టకు. నిలబడితే భుజాలు బిగుసుకుంటాయి. నాతో నడువు. మోగకపోతే పోనీ. చేతులు ఊపు, అంతే."

నడిచారు. ఆ చివరి కారు దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. చేతులు పెద్దగా ఊగుతుంటే మోకాళ్ళు వాటంతట అవే లేస్తున్నాయి. ఎడమ చెయ్యి పైకి, కుడి కాలు ముందుకు. మధ్యలో డ్రమ్ము లేదు, ఒంగి చూడ్డానికి ఏమీ లేదు. నాలుగో చుట్టులో మోగింది. నిజంగా మోగింది. ఆ మోత వాళ్ళిద్దరి వెనకా గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. కెజ్జీ కళ్ళు మూసుకుంది, మంచి దరువు పడితే మూసుకున్నట్టే. కానీ ఆగలేదు. వెనక ఎవరూ గుద్దుకోలేదు.

"కాళ్ళు చూసుకున్నావా?" అంది జొహారి.

కెజ్జీ కిందికి చూసింది. చూడగానే అడుగు తడబడింది. అందరూ గొల్లుమన్నారు. అదీ నవ్వేసింది.

టాలివర్ సార్ కాగితాల అట్టతో ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. సన్నగా, నిటారుగా, మెడలో ఈలతో నిలబడి ఉన్నాడు. "తొమ్మిదీ పది అయింది. చొక్కా ఇచ్చేస్తున్నారని విన్నాను."

కెజ్జీ నా వైపు తిరిగింది. "పిన్నీ, ఆ సంచి ఇలా ఇవ్వు."

ఇచ్చాను. అది సంచి చింపి, ఇస్త్రీ మడతలు ఇంకా ఉన్న ఆ బంగారు చొక్కాను తెల్ల జాకెట్టు మీదే తొడిగేసుకుంది.

"వచ్చే ఏడు స్నేర్‌కి మళ్ళీ వస్తాను సార్. ఈ ఏడు దీని అంతు చూస్తాను."

"అది నీ అంతు చూడకుండా ఉంటే చాలు" అని సార్ పేరు రాసుకున్నాడు.

ఇక మిగిలింది నా పని. మర్నాడు ఆదివారం. కెజ్జీ కాలేజీలోనే ఉండిపోయింది. చర్చిలో నేను మళ్ళీ లేచి నిలబడాల్సి వచ్చింది. "పోయినసారి నేను తొందరపడి సాక్ష్యం చెప్పాను. మన పిల్ల స్నేర్ కాదు, సింబల్స్ వాయిస్తోంది" అన్నాను. ఎవరో విసనకర్ర ఆపారు. ముందు బెంచీలో తొంభై ఏళ్ళ మిస్ అల్బర్టా గట్టిగా అంది: "బైబిల్లో దేవుణ్ణి వాయించి స్తుతించమన్న వాటిల్లో అవీ ఉన్నాయిగా! ఇంతసేపు ఏదో చావు కబురు చెప్తావనుకున్నా. కూర్చో." కూర్చున్నాను. డీకన్ పర్విస్ గారు నెమ్మదిగా పాట ఎత్తుకున్నారు. సిస్టర్ ఓపల్ నా వైపు చూసిన చూపులో మాత్రం క్షమ లేదు. ఆవిడ కేకు కూడా రాలేదు.

సెప్టెంబరు రెండో శనివారం మధ్యాహ్నం సొంత మైదానంలో మొదటి ఆట. మేమంతా వెళ్ళాం. ఆట సంగతి నాకు గుర్తులేదు, ఓడిపోతున్నామనుకుంటా. విరామం రాగానే స్టేడియం అంతా లేచి నిలబడింది. రెండు వందల మంది బంగారు రంగు దుస్తుల్లో, టోపీలకు ఈకలతో, మైదానం అంచున బారులు తీరారు. డ్రమ్ములు మొదలయ్యాయి. నా ఛాతీలో ఏదో బల్ల జరిపినట్టైంది. సింబల్స్ ఐదుగురూ పళ్ళేలను తల మీదుగా తిప్పి, నడుము దగ్గరికి దించి, ఒక్కసారిగా కొట్టారు. ఎండ వాటి మీద పడి మా కళ్ళు చెదిరాయి.

"ఏది? ఏది మనది?" అని నాన్న అరుస్తున్నాడు.

"చివర నుంచి రెండోది!"

అప్పుడే జరిగింది. ఆ పళ్ళేలకు పట్టీని నడిమి రంధ్రంలోంచి దూర్చి, లోపల ముడి వేసుకోవాలి. ఎవరి ముడి వాళ్ళే వేసుకోవాలి. ముడి నాలుగు పేటలుగా వేయాలట. మా పిల్ల బూటు తాడు ముడేసినట్టు వేసింది. పళ్ళెం పైకి తిప్పేసరికి ముడి విడిపోయింది. ఆ ఇత్తడి పళ్ళెం నేల మీద పడి, అంచు మీద నిలబడి, బండి చక్రంలా దొర్లుకుంటూ మైదానం మధ్యకు బయలుదేరింది. తీరికగా వెళ్ళింది. బాకాల వాళ్ళ మధ్య నుంచి, పెద్ద బూరాల వాళ్ళ కాళ్ళ సందుల నుంచి. ఒకతను దాన్ని దాటడానికి కాలెత్తాడు, కానీ ఊదడం ఆపలేదు. పన్నెండు వేల మంది దానితో పాటే తలలు తిప్పారు.

నేను మొహం కప్పుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి చూశాను.

కెజ్జీ దాని వెంట పరుగెత్తలేదు. వరస విడవకూడదని నియమం. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో ఉత్త పట్టీ. అడుగు ఆపకుండా నడుస్తూనే ఉంది. కొట్టాల్సిన చోటు వచ్చింది. పక్కనున్న జొహారి తల తిప్పకుండానే తన ఎడమ పళ్ళేన్ని పక్కకు చాచింది. కెజ్జీ తన ఒంటి పళ్ళెంతో దాని మీద కొట్టింది. ధన్! తర్వాతి దెబ్బా అంతే. ముందే అనుకుని చేసినట్టు ఉంది. మా వెనక వరసలో ఎవరో, "ఆ అమ్మాయిలిద్దరూ బాగా చేస్తున్నారు, కానీ ఆ దొర్లించడం ఎందుకు పెట్టారో" అన్నారు. మా అక్క వెనక్కి తిరిగి, "అందం కోసం" అంది.

విరామం అయ్యాక కంచె దగ్గరికి వచ్చింది. టోపీ చంకలో, బొటనవేళ్ళకు కట్లు, చేతిలో కాల్చిన టర్కీ కోడి కాలు. అర్ధ గంట క్రితం పన్నెండు వేల మంది ముందు పళ్ళెం పారేసుకున్న మనిషిలా లేదు, ఆకలిగా ఉన్న మనిషిలా ఉంది.

"చూశారా?" అంది నోటి నిండా తింటూ.

"మేం చూడ్డమేంటి, ఆ పళ్ళెం పక్క రాష్ట్రం దాకా వెళ్ళింది. వాళ్ళూ చూసే ఉంటారు" అన్నాడు నాన్న.

"టాలివర్ సార్ సోమవారం వంద ముడులు వేయమన్నారు తాతా. ఆయన ముందు కూర్చుని."

"తక్కువే. నేనైతే రెండు వందలు వేయించేవాణ్ణి."

"భయం వేయలేదే?" అని అడిగాను.

"వేసింది పిన్నీ. చచ్చిపోతాననుకున్నా. తర్వాత జొహారి అక్క పళ్ళెం చాచింది. ఇక కొట్టాల్సిందేగా." ఇంకో ముక్క కొరికి, "చర్చిలో ఈ సంగతి చెప్పకు" అంది.

"చెప్పను."

"పిన్నీ."

"చెప్పనన్నానుగా. మిస్ అల్బర్టాకి ఒక్కదానికే చెప్తాను."

ఈల వినిపించింది. ఆట అయిపోయాక రెండు కాలేజీల బ్యాండులూ ఎదురెదురుగా నిలబడి పోటీకి వాయిస్తాయి. నిజానికి సగం జనం ఉండిపోయేది దానికోసమే. డ్రమ్ముల వాళ్ళను అప్పుడే సర్దుకొమ్మని పిలుస్తున్నారు. కెజ్జీ టోపీ తలకు బిగించుకుని, సగం తిన్న టర్కీ కాలు నా చేతిలో పెట్టి పరుగెత్తింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. నాన్న నా చేతిలోంచి తీసుకుని మెల్లగా తినడం మొదలుపెట్టాడు.